ఎడారి పెరటిలో దానిమ్మ

మా తమ్ముడు ఉద్యోగరీత్యా రాజస్థాన్‌లోని బార్మేర్‌కు మారిన తరువాత, వాళ్ల క్వార్టర్ వెనుకనున్న ఖాళీ జాగాలో రెండు దానిమ్మ చెట్లు పెంచాలని మా మరదలికి కోరిక పుట్టింది. "వదినా, మీ పెరట్లో ఎలా పెంచారో అన్నీ రాసి పంపండి, ఇక్కడ ఎవరిని అడిగినా ఎకరాల లెక్కే చెబుతున్నారు" అని ఆమె అడిగినప్పుడు, ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా తీరికగా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. మేముండేది నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడుకునే ఊరు ఇది; బాసర సరస్వతమ్మను చూసి రావడానికి మాకు ఒక పూట చాలు. మా పెరటి చెట్లు మాత్రం సోలాపూర్ నుంచి వచ్చినవి. అక్కడి మగ్గాల మీద బతుకు స్థిరపరచుకున్న మా మేనమామ తన ఇంటి చెట్టుకు గాలి అంట్లు (చెట్టు మీదున్న కొమ్మకే వేళ్లు పుట్టించే అంట్లు) కట్టి, వేళ్లు దిగిన తరువాత తడి గోనెలో చుట్టి ఇచ్చాడు. ఆ చెట్లతో నాకున్న పరిచయం, బార్మేర్ వెళ్లినప్పుడు అక్కడి నేలనూ నీటినీ చూసి తెలుసుకున్న సంగతులు కలిపి ఇది రాస్తున్నాను. గల్ఫ్ దేశాలలో విల్లాల ముందు నాలుగు మొక్కలు పెంచుకుంటున్న మనవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

దానిమ్మ గురించి మనవాళ్లలో గట్టిగా నాటుకుపోయిన అభిప్రాయం ఒకటుంది: అది మెట్ట పంట, ఎండకు ఓర్చుకుంటుంది, నీళ్లు లేకపోయినా బతుకుతుంది, కాబట్టి నాటి వదిలేస్తే చాలు అని. ఇందులో చెట్టు గురించి చెప్పిన మాట నిజమే. ఇరాన్, దాని చుట్టుపక్కల పొడి కొండసీమలు ఈ చెట్టుకు పుట్టిల్లు. మన హిమాలయ పాదాలలో, ముఖ్యంగా హిమాచల్‌లో, 'దారు' అనే పుల్లటి అడవి దానిమ్మ నేటికీ ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతోంది. కాందహార్ దానిమ్మకు అంత పేరు వచ్చింది కూడా వేసవిలో మండిపోయే పొడి నేల మీదనే. అయితే చెట్టు బతకడం ఒక సంగతి, కాయ నిండుగా ఊరి పగలకుండా మన చేతికి రావడం మరొక సంగతి. నీటి ఎద్దడి వచ్చినప్పుడు దానిమ్మ ఆకు రాల్చి, పిందెలు రాల్చి, తనను తాను కాపాడుకుంటుంది. మనం ఆశించే పండు ఆ కాపాడుకోవడంలోనే పోతుంది. అందుచేత ఎడారిలో పెరటి దానిమ్మకు కావలసింది ఎక్కువ నీరు అని గానీ తక్కువ నీరు అని గానీ నేను చెప్పను. కావలసింది తప్పకుండా, ఒకే కొలతలో, ఒకే వేళకు అందే నీరు. మిగిలిన పనులన్నీ దాని చుట్టూ అల్లుకునేవే.

ముందుగా రెండు చోట్లకున్న తేడా చెప్పాలి, ఎందుకంటే మా పద్ధతిని ఉన్నదున్నట్టు అక్కడికి మోసుకుపోతే చెట్టు నష్టపోతుంది. మా వైపు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడి, గాలిలో తేమ నింపేస్తుంది. బార్మేర్‌లో పడేది సుమారు 270 మిల్లీమీటర్లు, అది కూడా కొద్దిపాటి జల్లులలో వచ్చిపోయేదే. మా నేల నల్లరేగడి, నీటిని పట్టుకుని వదలదు. అక్కడిది ఇసుక, పోసిన నీటిని మింగి కిందికి దింపేస్తుంది. వేసవి ఎండ మాత్రం రెండు చోట్లా తీవ్రమైనదే అయినా, థార్ ఎండకు సాటి మరొకటి లేదు. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దానికి తోడు వాళ్లు 'లూ' అని పిలిచే వడగాలి, అప్పుడప్పుడు ఆకాశాన్ని ఎర్రగా కప్పేసే ఇసుక తుఫాను. ఇన్ని ఉన్నప్పటికీ బార్మేర్, జాలోర్ జిల్లాలలో ఇప్పుడు దానిమ్మ తోటలు విస్తారంగా ఉన్నాయి, వాటిలో చాలావరకు మహారాష్ట్రలో పేరుపడ్డ భగ్వా రకమే ఉంది. తోటలో సాధ్యమైనది పెరట్లో సాధ్యం కాకపోదు.

నాటడం గురించి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంట తవ్వి, కొన్నాళ్లు ఎండకు ఆరనిచ్చి నింపాలన్నది అన్నిచోట్లా ఒకటే. మా నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లుతుందనే భయంతో నేను గుంటలో సగం మొరం కలిపి, మొక్కను మట్టి దిబ్బ మీద ఎత్తుగా నాటాను. దానిమ్మకు మొరం నేల ప్రాణం. మహారాష్ట్రలోని సాంగోలా, ఆట్పాడీ ప్రాంతాలలో అది అంత బాగా రావడానికి ఆ నీరు నిలవని తేలిక నేల ఒక ముఖ్య కారణం. బార్మేర్‌లో దీనికి పూర్తిగా ఎదురు పని చేయాలి. అక్కడ మొక్కను నేల మట్టానికి కొంచెం దిగువగా, వెడల్పాటి పాదులో నాటాలి. గుంటలోని ఇసుకకు బాగా మాగిన పశువుల ఎరువు, దొరికితే చెరువు మట్టి, ఒక కిలో వేపపిండి కలపాలి. ఇసుకలో సేంద్రియ పదార్థం దాదాపు లేనట్టే కనుక, ఎరువు అక్కడ ఆహారంగా ఎంత పనిచేస్తుందో, నీటిని పట్టి ఉంచే పదార్థంగా అంతకంటే ఎక్కువ పనిచేస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు మొక్కల మొదట్లో పొయ్యి బూడిద వేసే అలవాటు ఉంది. ఎడారి నేలలు ముందే క్షార స్వభావం కలవి, బూడిద వాటిని ఇంకా క్షారంగా మారుస్తుంది కాబట్టి అక్కడ ఆ అలవాటు మానుకోవాలి.

మొక్కను ఎక్కడ పెట్టాలన్నది దానికన్నా పెద్ద ప్రశ్న. పెరట్లో జాగా తక్కువ కనుక అందరమూ గోడను ఆనుకుని నాటడానికే చూస్తాం. పడమటి ఎండ నేరుగా పడే గోడ పగలంతా వేడిని తాగి, చీకటి పడిన తరువాత కూడా దాన్ని మొక్క మీదికి వెదజల్లుతూనే ఉంటుంది. అటువంటి గోడకు కనీసం ఆరేడు అడుగుల దూరం ఉండాలి. మధ్యాహ్నం దాటిన తరువాత కొంచెం నీడ దొరికే చోటు, ఉదయపు ఎండ పూర్తిగా తగిలే చోటు ఎడారి పెరటికి శ్రేష్ఠం. పూర్తి నీడ మాత్రం పనికిరాదు, పూత తగ్గిపోతుంది. రెండు మొక్కల మధ్య పది అడుగులు వదిలితే గాలి ఆడుతుంది. తోటల్లో కూడా వరుసల మధ్య 4.5 మీటర్లు, మొక్కల మధ్య 3 మీటర్లు సిఫారసు చేస్తారు. మా తమ్ముడి జాగాలో నైరుతి మూలన ఒక ఖేజ్డీ చెట్టు ఉంది. అది మనం దసరానాడు పూజించే జమ్మి చెట్టే. రాజస్థాన్‌కు అది రాష్ట్ర వృక్షం. దాని పల్చని నీడలో నాటితే వడగాలి తాకిడి సగం తగ్గుతుంది, ఎండ కూడా జల్లెడ పట్టినట్టు పడుతుంది. దాన్ని కొట్టించేసి జాగా చదును చేద్దామని ఎవరో సలహా ఇచ్చారట. ఎట్టి పరిస్థితులలోనూ అందుకు ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెప్పాను.

ఇక రకాలు. పండు తిన్న తరువాత గింజలు నాటితే మొలుస్తాయి కానీ తల్లి గుణం రాదు, కాపుకు ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి గాలి అంటు గానీ, కొమ్మ ముక్కతో వేళ్లూరించిన మొక్క గానీ, ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచిన టిష్యూ కల్చర్ మొక్క గానీ తీసుకోవాలి. మహారాష్ట్రలో తొలినాళ్లలో పేరు తెచ్చుకున్నది గణేశ్. పుణెలోని గణేశ్‌ఖిండ్ తోటలో డాక్టర్ జి.ఎస్. చీమా 1936లో ఆళంది రకం నుంచి ఎంపిక చేసిన చెట్టు అది; గింజ మెత్తన, రుచి తీపి, రంగు మాత్రం లేత గులాబీ. దాని వారసత్వంతోనే వచ్చిన భగ్వా రకాన్ని రాహురీ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2003లో విడుదల చేసింది. కాషాయం కలిసిన ఎర్రటి తొక్క, ఎర్రని గింజ, మందపాటి తొక్క కావడంతో దూరప్రయాణానికి ఓర్చుకునే గుణం దానివి. 2005లో సోలాపూర్‌లోని కేగావ్‌లో ఏర్పడిన జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం తరువాత సోలాపూర్ లాల్ అనే రకాన్ని తెచ్చింది; పైన చెప్పిన హిమాలయపు దారు రక్తం అందులో ఉంది, ఇనుము, జింకు, సి విటమిన్ దానిలో అధికం. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన జాలోర్ సీడ్‌లెస్ ఎడారికే ఎంపికైన రకం. సీడ్‌లెస్ అన్నా గింజ ఉండకపోదు, నమిలితే పంటికి తగలనంత మెత్తగా ఉంటుంది. మా మరదలికి నేను చెప్పింది ఒక భగ్వా, ఒక జాలోర్ సీడ్‌లెస్ పెట్టమని. దానిమ్మ తన పూవుతో తానే కాయగలదు కనుక జత కోసం రెండో చెట్టు అవసరం లేదు. అయినా రెండు రకాలుంటే పండ్లు ముందువెనుకలుగా చేతికొస్తాయి, ఇంట్లో తినేవాళ్లకు అది మంచిది. మేనమామ అంట్లు బార్మేర్‌కు పంపుతానని ముచ్చటపడ్డాడు కానీ నేనే వద్దన్నాను, దానికి కారణం తెగుళ్ల దగ్గర చెబుతాను.

నీటి విషయం కొంచెం విస్తరించి రాస్తాను, ఎందుకంటే ఎడారిలో దానిమ్మ పెంచడమంటే తొంభై వంతులు ఇదే.

నాటిన తొలి వేసవిలో చిన్న మొక్కకు రోజుకు నాలుగైదు లీటర్లు చాలు, కానీ ఒక్కరోజు కూడా తప్పకూడదు. అందుకు నాకు తెలిసిన అత్యుత్తమ సాధనం మట్టికుండ. మెరుగు పూయని, అడుగున రంధ్రం లేని కుండను మొక్కకు అడుగున్నర దూరంలో మెడ వరకు పాతిపెట్టి, నీటితో నింపి, మూతపెడితే, చుట్టూ ఉన్న ఇసుక ఎండినకొద్దీ కుండ గోడ గుండా నీరు ఊరుతూ వేరుకు అందుతుంది. పైన ఉన్న ఇసుక పొడిగానే ఉంటుంది కాబట్టి ఆవిరై పోయేది చాలా తక్కువ. ఊరికి పోయినప్పుడు పక్కింటివాళ్లకు "కుండ నింపండి చాలు" అని చెప్పవచ్చు. ఉప్పునీరు పోస్తే కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు కుండ మార్చాలి. చెట్టు పెరిగిన కొద్దీ కుండ సరిపోదు; నాలుగేళ్ల చెట్టుకు నడి వేసవిలో రోజుకు సుమారు ముప్పై నుంచి నలభై లీటర్లు, చలికాలంలో అందులో సగం కన్నా తక్కువ అవసరమవుతుంది. అప్పుడు డ్రిప్ గొట్టాన్ని మొదలు చుట్టూ వలయంగా, కొమ్మల నీడ అంచు వరకు జరిపి, నీటిని చుక్కలుగా వదిలే డ్రిప్పర్లు నాలుగు పెట్టాలి. మాను మొదట్లోనే నీరు పడితే కాండం చివికిపోతుంది, నీటిని పీల్చే సన్న వేళ్లేమో అక్కడ ఉండవు. నల్లరేగడిలో నేను మూడు నాలుగు రోజులకొకసారి నిండుగా పెడతాను. ఇసుకలో ఆ పద్ధతి నష్టం, అక్కడ తెల్లవారుజామున రోజూ కొంచెం కొంచెంగా పెట్టాలి.

కాయ పగలడం దానిమ్మ పెంచేవాళ్లందరినీ బాధపెట్టే సంగతి. దాని వెనుక జరిగేది తెలిస్తే నీటి క్రమం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. నేల ఎండినప్పుడు, వేడి పొడిగాలి వీచినప్పుడు, కాయ తొక్క గట్టిపడి సాగే గుణం పోగొట్టుకుంటుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా నీరు దండిగా అందితే లోపలి గింజలు ఉబ్బుతాయి. సాగలేని తొక్క ఆ ఒత్తిడికి నిలువునా చీలుతుంది. చీలిన చోటికి మొదట చీమలు, తరువాత బూజు వస్తాయి. నాలుగు రోజులు మరిచిపోయి, అయ్యో అని ఐదో రోజు రెండింతలు పోసే ప్రేమ దానిమ్మకు హాని చేస్తుంది. పొరపాటున నీరు తప్పిన రోజులుంటే, తరువాత మామూలు కొలతలో సగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. లేత కాయలే పగులుతుంటే మాత్రం నీటితో పాటు బోరాన్ లోపాన్ని కూడా అనుమానించాలి. పూత సమయంలో లీటరు నీటికి రెండు గ్రాముల బోరిక్ ఆమ్లం కలిపి ఒకసారి ఆకుల మీద పిచికారీ చేస్తే చాలు. మంచిది కదా అని మళ్లీ మళ్లీ కొట్టకూడదు, బోరాన్ ఎక్కువైనా ఆకు మాడుతుంది.

ఎడారిలో నీటి పరిమాణం కన్నా నీటి గుణం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. దానిమ్మ ఒక మోస్తరు ఉప్పును ఓర్చుకునే చెట్టే కానీ, ఆకు కొనలు మాడడం మొదలైతే ఆ ఓర్పు అంచుకు వచ్చిందని గ్రహించాలి. ఇళ్లలో ఆర్‌వో యంత్రం నుంచి బయటికి పోయే నీటిని వృథా చేయడమెందుకని చెట్లకు పోయడం ఇప్పుడు సర్వసాధారణమైంది. ఆ నీటిలో మామూలు నీటి లవణాలన్నీ చిక్కబడి ఉంటాయి కాబట్టి, ఉప్పునీటి ప్రాంతంలో దాన్ని దానిమ్మ పాదులోకి రానీయకూడదు, గచ్చు కడగడానికి వాడుకోవచ్చు. బట్టలుతికిన సబ్బునీరు కూడా అంతే. రోజూ కొద్దికొద్దిగా పెట్టే నీటితో లవణాలు వేళ్ల దగ్గరే పేరుకుంటాయి గనుక, చెట్టుకు కాయలు లేని కాలంలో నెలకొకసారి పాదు నిండా నీరు పెట్టి వాటిని లోతుకు దింపాలి. వానపడ్డప్పుడు మిద్దె మీది నీటిని గొట్టంతో పాదులోకి మళ్లించడం అన్నింటికన్నా మంచి మందు. థార్ ప్రజలు టాంకా అనే నేలలోపలి తొట్టెలలో వాననీటిని దాచుకుని ఏడాదంతా తాగారు. ఆ తెలివి మన పెరటి చెట్టుకు కూడా వర్తిస్తుంది. పొటాష్ వేయవలసి వస్తే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దు, అందులో క్లోరైడు ఉంటుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. కొత్త చిగుళ్లు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది క్షార నేలలో ఇనుము అందని లక్షణం. నీరు ఎక్కువైందనుకుని ఆపివేయవద్దు.

పాదు మీద నాలుగైదు అంగుళాల మందాన ఎండుటాకులు, గడ్డి పరచాలి. మా దగ్గర వాడే చెరకు ఆకు, కందికట్టె పొట్టు బార్మేర్‌లో దొరకవు. అక్కడ సజ్జ చొప్ప దొరుకుతుంది, దాన్ని నరికి పరిస్తే సరిపోతుంది. అయితే చెదల సంగతి చూసుకోవాలి: మానుకు చొప్ప తగలకుండా జానెడు ఖాళీ వదిలి, పాదులో వేపపిండి చల్లితే వాటి బెడద తగ్గుతుంది.

ఎండ దెబ్బ గురించి ఎక్కువ రాయనక్కరలేదు. తొలి వేసవిలో మొక్కకు నైరుతి వైపు సగం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టాలి, మాను మొదలుకు సున్నం పూయాలి. కాపు మొదలైన తరువాత పడమటి వైపు కాయల మీద గోధుమరంగు మచ్చ పడి, లోపలి గింజ తెల్లగా, నీరసంగా తయారవుతుంది. అటువైపు కాయలకు పాత తెల్ల గుడ్డ సంచులు తొడిగితే చాలు. అందుకే చెట్టును కత్తిరించేటప్పుడు అతిగా బోడి చేయకూడదు. మొదలు నుంచి మూడు నాలుగు మానులు ఉంచుకుని, మిగిలిన పిలకలను వచ్చినప్పుడల్లా తీసివేయాలి. మానులన్నీ ఒకేసారి పోవు కనుక, ఒకదాన్ని పురుగు తొలిచినా మిగిలినవి కాపాడతాయి. నాటిన తొలి రెండేళ్లలో వచ్చిన పూతను మనసు గట్టిచేసుకుని తుంచివేయాలి.

ఇప్పుడు బహార్, అంటే ఒక విడత పూత, కాపు, సంగతి. దానిమ్మ తన ఇష్టానికి వదిలేస్తే ఏడాది పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి పూస్తూ, కాస్తూ, అలసిపోతుంది. మహారాష్ట్ర రైతులు నీరు ఆపి చెట్టుకు విశ్రాంతినిచ్చి, అన్ని కొమ్మలూ ఒకేసారి పూసేట్టు చేస్తారు. జనవరి, ఫిబ్రవరిలో పూత వచ్చేది ఆంబే బహార్. మృగశిర కార్తెతో మొదలయ్యేది మృగ్ బహార్. హస్త కార్తె నాటి పూత హస్త బహార్. మా ధర్మాబాద్‌లో నేను వానాకాలపు కాపు జోలికి పోను. ఆ తేమలో మచ్చ తెగులు వస్తుంది కాబట్టి, వానలు వెనుదీసిన తరువాత నీరు ఆపి, ఆలస్యంగా హస్త బహార్ తీసుకుంటాను. బార్మేర్‌కు మృగ్ బహార్ సరైనదని నా గట్టి అభిప్రాయం. అక్కడ వాన తక్కువ కనుక తెగులు భయం తక్కువ. పైగా పూత నుంచి పండు దాకా భగ్వాకు సుమారు ఆరు నెలలు పడుతుంది కాబట్టి జూన్, జూలైలో పూసినది డిసెంబరు, జనవరిలో పండుతుంది. గింజకు ఎరుపునిచ్చే రంగు పదార్థం చల్లని రాత్రులలో బాగా తయారవుతుంది, తీవ్రమైన వేడిలో పలచబడుతుంది. మే నెల ఎండలో పండిన దానిమ్మ కోసి చూస్తే తీపి ఉన్నా గింజ పాలిపోయి కనిపించడానికి కారణం అదే. ఎడారి చలి దానిమ్మకు దొరికిన వరం. దాన్ని అందుకునేలా కాపును జరుపుకోవడం మన చేతిలో ఉంది.

విశ్రాంతి ఇచ్చే పద్ధతి పెరట్లో చాలా సులువు. ఇసుక నేలలో ఏప్రిల్ చివర నుంచి నీటిని మెల్లమెల్లగా తగ్గించి ఆపివేస్తే నాలుగైదు వారాలలో ఆకు పండి రాలుతుంది. తోటల్లో ఆకు రాల్చడానికి ఎత్రెల్ చల్లుతారు. ఇంటి చెట్టుకు ఆ రసాయనం అక్కరలేదు. తరువాత కొమ్మల కొనలను జానెడు కత్తిరించి, పది కిలోల మాగిన ఎరువు, కిలో వేపపిండి పాదులో కలిపి, తేలికపాటి తడితో మొదలుపెట్టాలి. మూడేళ్లు నిండని మొక్కకు, పురుగు పట్టి నీరసించిన చెట్టుకు ఈ విశ్రాంతి ఇవ్వకూడదు. దానికి అది ఉపవాసం అవుతుంది. మే నెలలో కొమ్మలే మాడిపోయేంత ఎండ ఉన్న సంవత్సరం అయితే వారానికొక తడి ఇచ్చి గండం గట్టెక్కించాలి.

పూత వచ్చాక సగానికి పైగా రాలుతుంది, భయపడవద్దు. దానిమ్మలో రెండు రకాల పూలు వస్తాయి: గంటలా అడుగు సన్నగా ఉండేవి మగ పూలు, అవి రాలిపోవలసినవే, కుండలా అడుగు ఉబ్బి ఉండేవి కాయలు అయ్యేవి. తొలి విడత పూతలో కుండ పూలు ఎక్కువగా, ఆలస్యపు పూతలో మగ పూలు ఎక్కువగా కనిపిస్తాయి. గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగిలినవి తీసివేయడం మా మరదలికి కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, అయినా చేయాలి. రెండు కాయలు ఒకదానికొకటి ఆనుకున్న చోట పురుగు సులువుగా చేరుతుంది.

ఆ పురుగు దానిమ్మ సీతాకోకచిలుక బిడ్డ. తల్లి పూల మీద, లేత కాయల మీద గుడ్లు పెడితే, లార్వా లోపలికి తొలుచుకుపోయి గింజలు తింటుంది. రంధ్రం దగ్గర మలం, దుర్వాసన కనిపించేసరికి కాయ పోయినట్టే. కాయ నిమ్మకాయంత అయిన వెంటనే గుడ్డ సంచి తొడిగితే పురుగు, చిలుకలు, ఉడతలు, ఎండ దెబ్బ, నాలుగింటికీ ఒకటే విరుగుడు. పెరటి చెట్టుకు పురుగుమందు కొట్టే అవసరం నాకు కనిపించలేదు.

మా ప్రాంతంలో రైతును కుంగదీసింది తేల్యా. ఆకుల మీద, కాయల మీద నూనె చుక్క పడ్డట్టు మొదలై, నల్లబడి, కాయ నక్షత్రంలా పగిలే బాక్టీరియా తెగులు అది. వాన తుంపరలతో, కత్తెర్లతో, ముఖ్యంగా తెగులున్న చోటి నుంచి తెచ్చిన అంట్లతో వ్యాపిస్తుంది. 2016లో సోలాపూర్ దానిమ్మకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కినప్పుడు మా మేనమామ వీధిలో మిఠాయి పంచాడు. అదే జిల్లాలో సాంగోలా రైతులు తేల్యా తరువాత ఎండు తెగులు, కాండం తొలిచే పురుగుల వల్ల ఎన్నో తోటలను వేళ్లతో సహా పెరికి పారేయవలసి వచ్చింది. దశాబ్దాలు ఆ చెట్లనే నమ్ముకున్న కుటుంబాల బాధ నేను దగ్గరగా చూశాను. తేల్యా ఉన్న జిల్లా అంటు, అది ఎంత ఆరోగ్యంగా కనిపించినా, తేల్యా బెడద అంతగా లేని ఎడారికి పోకూడదని మేనమామను ఆపింది అందుకే. బార్మేర్‌లోనే ధ్రువీకరించిన నర్సరీలో టిష్యూ కల్చర్ మొక్క కొనుక్కోవడం ఆ ఊరి రైతుల పట్ల మన బాధ్యత. పక్కింటి చెట్టుకు వాడిన కత్తెరను స్పిరిట్‌తో తుడవకుండా మన చెట్టుకు తాకించవద్దు.

కోత విషయంలో తొందర పనికిరాదు. దానిమ్మ కోసిన తరువాత పండదు, మామిడిలా గడ్డిలో మాగవేసే పండు కాదు. పైన ఉన్న కిరీటం రేకులు లోపలికి ముడుచుకోవడం, గుండ్రటి కాయ పక్కలు కొంచెం చదునై కోణాలు తేలడం, వేలితో కొడితే ఖంగుమనడం పక్వానికి గుర్తులు. మరీ ఆలస్యం చేస్తే భగ్వాలో లోపలి గింజలు గోధుమరంగుకు తిరుగుతాయి, బయటికి ఏమీ తెలియదు. లాగకుండా కాడను కత్తెరతో కత్తిరించాలి. తొక్క ఎండి ముడుతలు పడినా లోపలి గింజ వారాల తరబడి బాగుంటుంది కాబట్టి, సంక్రాంతికి ధర్మాబాద్ వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని తెచ్చినా చెడిపోవు. పెరుగన్నంలో వేసుకోవడానికి మేము ఎదురుచూస్తుంటాం.

ఒక్క జాగ్రత్త మిగిలింది. కాయ పండే ఆ నెలల్లోనే థార్‌లో అప్పుడప్పుడు మంచు కురిసి గడ్డకట్టేంత చలి పడుతుంది. పెద్ద చెట్టు దానికి ఓర్చుకుంటుంది, లేత చిగుళ్లు, కాయల తొక్క దెబ్బతింటాయి. అటువంటి రాత్రి రాబోతోందని వాతావరణ సూచన వచ్చినప్పుడు ఆ సాయంత్రం పాదుకు తేలికపాటి తడి ఇవ్వాలి. తడిసిన నేల పగటి వేడిని పట్టి ఉంచి రాత్రికి మెల్లగా వదులుతుంది. చిన్న మొక్కలైతే వేసవిలో నీడకు కట్టిన షేడ్ నెట్‌నే పైనుంచి కప్పి, తెల్లవారి ఎండ రాగానే తీసివేయాలి.